మొదటిసారికే ‘సరే’ అన్న బావ

ఆర్విడ్ నెస్టగార్డ్‌కి ఏదైనా ఇవ్వాలంటే మూడుసార్లు అడగాలి. కాఫీ అయినా అంతే, కోటి డాలర్లయినా అంతే. మొదటిసారి “అబ్బే, వద్దండీ” అంటాడు. రెండోసారి “ఎందుకండీ మీకు శ్రమ” అంటాడు. మూడోసారి అడిగే ఓపిక మీకింకా మిగిలి ఉంటే, మీ మాట తీసెయ్యలేక ఒప్పుకుంటున్నట్టు మొహం పెట్టి, “సరే, మీరింతగా అంటున్నారు కాబట్టి, ఓ చుక్క” అంటాడు. ఆ చుక్క మూడు కప్పులవుతుంది. అది వేరే సంగతి.

మిన్నెసోటాలో ఉత్తరపు కొసన ఉన్న మా స్టోర్‌విక్‌కి మొహమాటం కొత్తేం కాదు. ఇక్కడ పుట్టినవాడెవడూ అడగ్గానే చెయ్యి చాపడు. చాపాడా, వాడు వెళ్లాక “పాపం, తల్లి పెంపకం అలాంటిది” అని ఊరంతా జాలిపడుతుంది. కానీ అందరికీ అది మర్యాద అయితే, ఆర్విడ్‌కి అది మతం.

పెళ్లినాడు పాస్టరుగారు “ఈ డాగ్నీని భార్యగా స్వీకరిస్తావా?” అనడిగితే, “అబ్బే, ఆమెకి ఇంకా మంచి సంబంధం దొరుకుతుందేమో చూడండి” అన్నాడు. చర్చిలో ఉన్న నూట యాభై మందికీ ఊపిరాగిపోయింది. పెళ్లికూతురు డాగ్నీ మాత్రం పువ్వులు సర్దుకుంటూ, “ఇంకో రెండుసార్లు అడగండి పాస్టరుగారూ, అలవాటు” అంది.

వాళ్ల గరాజుకి నిప్పంటుకున్నప్పుడు ఫైరింజను వచ్చింది. ఆర్విడ్ గేటు దగ్గర నిలబడి, “ఇంత చలిలో మీకెందుకు బాబూ శ్రమ, అదే ఆరిపోతుంది” అన్నాడు. వెనకాల కప్పు కూలింది. వాళ్లు రెండోసారి అడిగేసరికి గరాజు పోయింది. ఇల్లు దక్కిందంటే, డాగ్నీ కిటికీలోంచి ఆ మూడోసారీ తనే అరిచింది కాబట్టి.

ఇంకో ఏడు సరస్సు మీద మంచు విరిగి నడుం దాకా మునిగిపోయాడు. లారీలు బాగుచేసే సిగ్వర్డ్ అటుగా వెళ్తూ చూసి, పరిగెత్తుకెళ్లి తాడు విసిరాడు. “వద్దులే నాయనా, తాడు తడిసిపోతుంది” అన్నాడు ఆర్విడ్, పళ్లు టకటకా కొట్టుకుంటూ. సిగ్వర్డ్ ఇప్పటికీ ఆ కథ చెప్పేటప్పుడు కుర్చీలోంచి లేస్తాడు.

ఈ మనిషిని నలభై ఏళ్లు భరించి డాగ్నీ కన్నుమూసింది. ఆ భారం ఆమె చెల్లెలు లవాన్ మీద పడింది.

లవాన్‌ది ఊరి మొగలో పెట్రోలు బంకు, దాన్ని ఆనుకుని ఒక కొట్టు. మొగుడు ఏనాడో పోయాడు, పిల్లల్లేరు, గొంతు మాత్రం ముగ్గురు మనుషులంత. రోజూ పొద్దున్న తొమ్మిదిన్నరకి ఆర్విడ్ టోపీ చేత్తో పట్టుకుని ఆ కొట్లోకి వస్తాడు. సరిగ్గా బారు తీరి జనం ఉండే వేళ.

“బావా, కాఫీ?”

“అబ్బే, ఇప్పుడే తాగొచ్చానమ్మా.”

“అబద్ధాలాడకు. తాగు.”

“ఎందుకమ్మా, వచ్చేపోయేవాళ్లకి ఉంచు.”

“తాగుతావా, నెత్తిన పొయ్యమంటావా?”

“సరే, నువ్వింతగా అంటున్నావు కాబట్టి, ఓ చుక్క.”

పదకొండేళ్లుగా ఇదే తంతు. ఓ రోజు విసుగెత్తి లవాన్ ఒకే గుక్కలో “కాఫీ, కాఫీ, కాఫీ?” అంది. ఆర్విడ్ కాస్త ఆలోచించాడు. “అది ఒక్కసారి కిందే లెక్కమ్మా. అబ్బే, వద్దు” అన్నాడు. వరసలో నిలబడ్డవాళ్లు డబ్బులు బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయారు. ఇంటికెళ్లి అక్క ఫొటో ముందు నిలబడి, “ఏం చూసి చేసుకున్నావే వీణ్ణి?” అని లవాన్ నిలదీసేది.

ఆ కొట్లో ఒక మూల, చిప్స్ పొట్లాల పక్కన, క్రిప్టో మిషను ఉంది. ఏదో కంపెనీ వాళ్లు అద్దె ఇస్తామంటే లవాన్ పెట్టనిచ్చింది. అందులో నోట్లు తోస్తే అవి కంటికి కనపడని నాణేలైపోయి, మనం ఫోనులో ఎవరి గుర్తు చూపిస్తే వాళ్లకి క్షణంలో వెళ్లిపోతాయి. వెళ్లినవి దేవుడు దిగొచ్చినా వెనక్కి రావు. పక్క ఊళ్లో ఒక ముసలావిడ ఎవడో బ్యాంకు ఆఫీసర్నని ఫోను చేస్తే నమ్మి, పాడి అమ్మిన డబ్బంతా ఇలాంటి మిషనులోనే పోసిందని తెలిసి లవాన్ రెండ్రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు ఎర్రసిరాతో స్టిక్కరు రాసి మిషను మీద, నోట్లు తోసే చోటికి పైన అంటించింది: ‘పోలీసులు, లాయర్లు, బ్యాంకువాళ్లు ఎవ్వరూ ఇందులో డబ్బు వెయ్యమనరు. వెయ్యమన్నవాడు దొంగ!’

అది చాలదన్నట్టు కాపలా కూడా కాసేది. ఫోను చెవిన పెట్టుకుని ఎవడు ఆ మూలకి వెళ్లినా గల్లాపెట్టె వదిలేసి పరిగెత్తేది. “ఎవడు వాడు? పెట్టెయ్ ఫోను!” ఒకసారి చేపలు పట్టడానికొచ్చిన పట్నం మనిషి ఒకడు, ఏ చిప్స్ కొనాలో పెళ్లాన్ని అడుగుతుంటే అతని చేతిలోంచి ఫోను లాక్కుని, “నువ్వు దొంగవి!” అని ఆవిడ మీద అరిచింది. ఆవిడ నిర్ఘాంతపోయింది. ఆయన మళ్లీ మా ఊరు రాలేదు.

అలాంటి లవాన్‌కి అక్టోబరులో ఓ మంగళవారం ఫోనొచ్చింది.

ఆ రోజు తొమ్మిదిన్నర దాటినా ఆర్విడ్ రాలేదు. పది అయింది. లవాన్ బయటికి తొంగిచూసింది, లోపలికొచ్చింది, మళ్లీ చూసింది. “రాకపోతే పీడా పోయె” అని పైకే అనుకుని, కాఫీ చల్లారకుండా మూత పెట్టింది. అప్పుడు మోగింది ఫోను. ఎవరిదో తెలియని నంబరు.

“లవాన్... నేనమ్మా.”

బావ గొంతే. ఆ సాగదీత, మధ్యలో ఆ గొంతు సవరింపు, అచ్చం బావే. కానీ ఏడుస్తున్నాడు. డాగ్నీని పూడ్చిననాడు కూడా కళ్లు తుడుచుకోని మనిషి చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు.

“ఏమైంది బావా? ఎక్కడున్నావు?”

“డులూత్ పట్నంలో. కారుతో గుద్దేశానమ్మా... ఒక ఆవిణ్ణి, కడుపుతో ఉంది... నన్ను జైల్లో పెట్టారు. ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది. ఇదిగో, లాయరుగారితో మాట్లాడు.”

లాయరు గొంతు వెన్న పూసినట్టుంది. “అమ్మా, ధైర్యంగా ఉండండి. గంటలో జామీను కడితే మీ బావగారు బయటికొస్తారు, లేకపోతే జిల్లా జైలుకి తోలేస్తారు. ఫోను మాత్రం పెట్టకండి, పెడితే జడ్జిగారి దగ్గర మన వంతు పోతుంది. మీ దగ్గర ఎంతుంది?”

“హీటరు కోసం దాచింది ఎనిమిది వేలుంది.” చలికాలం లోపల కొట్టుకి కొత్త హీటరు పెట్టించకపోతే పాలసీసాలు పగిలిపోతాయని రెండేళ్లుగా కూడబెట్టిన డబ్బది.

“సరిగ్గా ఎనిమిది వేలేనమ్మా జామీను” అన్నాడు లాయరు.

ఇంకో రోజయితే ఆ మాటకి లవాన్ వాణ్ణి ఉతికి ఆరేసేది. ఆ రోజు మాత్రం “హమ్మయ్య” అనుకుంది.

“కోర్టువాళ్లు ఇప్పుడు క్రిప్టోలోనే తీసుకుంటున్నారు. మీకు దగ్గర్లో ఎక్కడైనా ఆ మిషను ఉందా?”

“నా ఎదురుగానే ఉంది” అంది లవాన్.

ఆ లాయరు వృత్తిలో అంత సులువైన బేరం ఎప్పుడూ తగిలి ఉండదు.

లవాన్ వెనక గదిలోకి పరిగెత్తి డబ్బు డబ్బా తెచ్చుకుంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మిషను ముందు నిలబడింది. అప్పుడే సిగ్వర్డ్ డోనట్ కొనుక్కోవడానికి లోపలికొచ్చాడు.

“లవానక్కా, ఏం చేస్తున్నావు అక్కడ?”

ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో లాయరు అప్పటికే నూరిపోశాడు. “ఇల్లు బాగుచేయించుకుంటున్నా” అంది లవాన్.

“చిప్స్ పొట్లాల దగ్గరా?”

“నీకెందుకురా, నోరు మూసుకుని డోనట్ తిను!”

మిషను తెర వెలిగింది. ‘ఎవరైనా మిమ్మల్ని డబ్బు పంపమన్నారా?’ అనడిగింది. లేదు అని నొక్కింది. ‘ఇప్పుడు మీరు ఫోనులో ఎవరితోనైనా మాట్లాడుతున్నారా?’ లేదు అని నొక్కింది, మెడ పట్టేసేలా ఫోను నొక్కిపెట్టుకుని. ‘ఇది మోసం కావచ్చు. అయినా ముందుకెళ్తారా?’ అవును. లాయరు ఫోనుకి పంపిన గుర్తు చూపించింది. నోట్లు తోసే చోటికి ఏదో కాగితం అంచు అడ్డొస్తోంది. గోటితో దాన్ని పక్కకి మడిచింది. అది తను ఎర్రసిరాతో రాసిన స్టిక్కరే.

ఒక వంద నోటు వెళ్లింది. రెండోది వెళ్లింది. మూడోది వెళ్లింది. నాలుగోది పెడుతుంటే లవాన్‌కి దుఃఖం ఆగలేదు. “ఒక్కసారి మా బావకివ్వండి ఫోను” అంది. లాయరు సణిగాడు గానీ ఇచ్చాడు.

“బావా, భయపడకు. సాయంత్రానికి వచ్చి తీసుకొస్తా నిన్ను. నిన్న రూబార్బ్ కాడలతో కేకు చేశాను, ఒక్క ముక్క మిగిలింది. నీకుంచనా?”

“సరే, ఉంచమ్మా. తొందరగా కానివ్వు.”

లవాన్ చెయ్యి ఆగిపోయింది. మిషను అప్పటికే నోటు కొస పట్టుకుని లోపలికి లాగుతోంది, లవాన్ ఇవతలికి లాగుతోంది.

“ఏమన్నావు?”

“సరే అన్నాను.”

“కేకు... ఉంచమన్నావా?”

“అవునమ్మా, ఉంచు.”

హవ్వ! లవాన్‌కి చెవులు గింగురుమన్నాయి. చిన్న గొంతుతో, “దాని మీద మీగడ కూడా వెయ్యనా?” అంది.

“అలాగే, వెయ్యి.”

“మా ఆయన కోటుంది, ఉన్నిది. అది కూడా ఇచ్చెయ్యనా?”

“సరే.”

“నా కారు?”

“సరేనమ్మా, అదీ ఇవ్వు. ముందు డబ్బు...”

“ఓరి నాయనో!” లవాన్ బలంగా లాగిన లాగుడికి నోటు ఊడొచ్చి, ఆవిడ వెళ్లి చిప్స్ పొట్లాల మీద పడింది. “సిగ్వర్డ్! ఒరేయ్ సిగ్వర్డ్! కేకు ఉంచనా అంటే బావ సరే అన్నాడురా!”

“మూడోసారికా?”

“మొదటిసారికే!”

సిగ్వర్డ్ నోట్లో డోనట్ అలాగే ఉండిపోయింది. “మొదటి...?”

“మీగడ కూడా వెయ్యమన్నాడు! కారు కూడా తీసుకుంటాడట!”

“అక్కా, ఆ మనిషి చావబోతూ నా తాడు రెండుసార్లు వద్దన్నాడు! వాడెవడో గానీ మీ బావ కాదు. పెట్టెయ్ ఫోను!”

“ఎలా పెట్టెయ్యనురా, మాట మధ్యలో? బాగుంటుందా?” ఎంతైనా మా ఊరి ఆడది. ఫోను దగ్గరికి తీసుకుని, “అయ్యా, మీరు దొంగలని నాకు అనుమానంగా ఉంది. ఏమీ అనుకోకండి. ఉంటాను మరి” అంది.

అవతల లాయరు ఎత్తుకున్నాడు తిట్లు. వెన్న గొంతు ఏమైపోయిందో! అరవై నాలుగేళ్లలో ఎప్పుడూ వినని మాటలు ఒక్క నిమిషంలో విని లవాన్ నోరెళ్లబెట్టింది. సిగ్వర్డే ఫోను లాక్కుని కట్టేశాడు.

“ఇప్పుడు ఆర్విడ్ బాబాయ్ ఇంటికి చెయ్యి. నీకు తెలిసిన నంబరుకి, నువ్వే చెయ్యి” అన్నాడు. అదీ లవాన్ ఊరందరికీ చెప్పే పాఠమే.

చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

లవాన్ ఫోను దించింది. “ఒరేయ్, నిజంగానే జైల్లో ఉన్నాడేమోరా? భయానికి ముసలాడు మారిపోయాడేమో? నేను కేకు గురించి వాదిస్తూ కూర్చున్నానేమో?”

ఇరవై రెండేళ్లలో అక్క పోయినప్పుడు తప్ప పగటిపూట కొట్టు వదలని లవాన్, తాళాలు సిగ్వర్డ్ చేతిలో పడేసి, కాఫీ ఫ్లాస్కు చంకన పెట్టుకుని కారెక్కింది. దారి పొడుగునా దేవుణ్ణి తిడుతూ బతిమాలుతూ ఆర్విడ్ ఇంటికెళ్లింది. తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు. కారు మాత్రం వాకిట్లోనే ఉంది. ఇల్లు చుట్టి సరస్సు వైపు పరిగెత్తింది.

సరస్సు గడ్డకట్టే లోపల మా ఊళ్లో అందరూ పడవలు కట్టుకునే రేవు చెక్కలు విప్పి ఒడ్డుకి చేర్చుకుంటారు. నలుగురు చెయ్యాల్సిన పని. సాయం వస్తామన్నవాళ్లందరికీ వద్దు వద్దని చెప్పి, డెబ్భై ఎనిమిదేళ్ల ఆర్విడ్ రబ్బరు బూట్లేసుకుని, మోకాలి లోతు నీళ్లలో ఒక్కడే చెక్కలు ఈడుస్తున్నాడు.

“బావా!”

“ఏమ్మా, ఇంత దూరం వచ్చావు? కొట్టెవరు చూస్తున్నారు?”

అదే గొంతు. అదే సాగదీత. ఇందాక ఏడ్చిందీ ఇదే గొంతు. కళ్ల ముందున్న మనిషిని కూడా నమ్మబుద్ధి కాలేదు లవాన్‌కి. ఫ్లాస్కు మూత తిప్పి కాఫీ పోసింది.

“బావా... కాఫీ?”

“అబ్బే, వద్దమ్మా. ఇప్పుడే తాగాను.”

“పొగలు కక్కుతోంది. తాగు.”

“ఎందుకమ్మా నీకు శ్రమ. చలిగా ఉంది, నువ్వు తాగు.”

“నువ్వే!” లవాన్ కేకకి సరస్సు మీద బాతులు లేచిపోయాయి. “నువ్వే! మా బావవే! ముసలి మొండిఘటానివి నువ్వే!” అంటూ బూట్లతో నీళ్లలోకి నడిచి అతణ్ణి గట్టిగా వాటేసుకుంది. మా ఊళ్లో మనుషులు చావుల దగ్గర కూడా భుజం తట్టి ఊరుకుంటారు. ఆర్విడ్ బిత్తరపోయి, చెక్క మోస్తూ ఉన్నవాడు ఉన్నట్టే నిలబడిపోయాడు.

ఆ సంతోషంలో లవాన్ ఆ కాఫీ తనే గటగటా తాగేసింది. ఆర్విడ్ ఫ్లాస్కు వైపు చూశాడు. సరస్సు వైపు చూశాడు. మళ్లీ ఫ్లాస్కు వైపు చూశాడు. అడగడం వాళ్ల వంశంలో లేదు.

జరిగిందంతా విని అతను ఒడ్డున కూలబడ్డాడు. “నా గొంతా? నా గొంతుతోనా?”

“నీ గొంతే. వెక్కివెక్కి ఏడ్చావు.”

“నేనా!” అన్నాడు ఆర్విడ్, అదేదో తను నిజంగా చేసిన తప్పయినట్టు సిగ్గుపడుతూ. కాసేపటికి ఇంకో సంగతి తట్టింది. “అయితే ఆ హీటరు డబ్బంతా పోసేద్దామనుకున్నావా? వాడు ఒక్కసారి అడిగితే?”

“నువ్వనుకున్నాను కదా బావా.”

ఆర్విడ్ గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. చివరికి, “నీ బూట్లు తడిసిపోయాయమ్మా” అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఆర్విడ్, సిగ్వర్డ్ కొట్లో ఉండగా పోలీసు వచ్చాడు. అప్పుడు తెలిసింది ఆ గొంతు ఎక్కణ్ణించి పోయిందో. కిందటేడు చర్చి చేపల విందులో ఆర్విడ్‌కి రెండోసారి చేప వడ్డించడానికి పాస్టరమ్మ పడ్డ పాట్లు ఎవరో వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. నాలుగు నిమిషాలు. దాన్ని కంప్యూటరుకి వినిపిస్తే అదే గొంతుతో ఏం కావాలంటే అది పలుకుతుందట. మరదలి పేరూ ఫోను నంబరూ కూడా దాని కిందే ఎవరో రాశారట. కాచుకున్నవాడికి ఇంకేం కావాలి.

“కానీ అందులో నేను వద్దు తప్ప ఏమీ అనలేదే!” అన్నాడు ఆర్విడ్.

“అదే కదా బాబాయ్ వాడి కొంప ముంచింది” అన్నాడు సిగ్వర్డ్. “గొంతు పట్టుకుపోయాడు గానీ, అందులో ఏం చెప్తున్నావో వినలేదు సన్నాసి.”

మిషను మింగిన మూడు వందలూ పోయినట్టేనన్నాడు పోలీసు. లవాన్ ఆ డబ్బుకి ఏడవలేదు. ఊరందరికీ బుద్ధి చెప్పి తనే గోతిలో పడ్డందుకు రాత్రంతా కుమిలింది. ఎవరికీ చెప్పొద్దని సిగ్వర్డ్ చేత ఒట్టేయించుకుందామనుకుంది. కానీ దొంగ కూడా ‘ఎవరికీ చెప్పకు’ అనే కదా అన్నాడు. ఆ మాట గుర్తుకొచ్చి కొత్త కాగితం తీసి ఇలా రాసింది: ‘ఈ స్టిక్కరు రాసిన లవాన్‌ని నేను. ఇక్కడే, దీని ముందే నిలబడి మోసపోయాను. మీకంటే తెలివైనదాన్ని. కాబట్టి ఫోను పెట్టేసి, మీకు తెలిసిన నంబరుకి మీరే చేసి అడగండి. డబ్బు వేసే ముందు మూడుసార్లు వద్దనండి.’

పోలీసు వెళ్లాక ఆర్విడ్ ఆ కాగితం చదివి టోపీ తీశాడు.

“బావా, ఇకనించి మన ఇద్దరికీ ఒక గుర్తుమాట ఉండాలట. ఎప్పుడు ఫోను చేసినా ముందు అది చెప్పాలి. నీకొకటి ఇవ్వనా?”

“అబ్బే, నాకెందుకమ్మా. అవసరమున్నవాళ్లకివ్వు.”

“చాల్లే, నీకక్కర్లేదు” అని నవ్వేసింది లవాన్. తర్వాత కాస్త నెమ్మదిగా, “అసలెందుకు బావా ఈ మూడుసార్ల పిచ్చి? మాకందరికీ రెండుతో సరిపోతుంది కదా” అంది.

ఆర్విడ్ టోపీ గుండ్రంగా తిప్పాడు. “మా చిన్నప్పుడు ఇంట్లో ఉన్నదే ఒక్క రొట్టె అయినా, ఎవరొచ్చినా తినమనేది మా అమ్మ. వాళ్లు సరే అంటారేమోనని తలుపు వెనకాల మా ప్రాణాలు పోయేవి. మర్యాద కోసం అడిగేస్తారమ్మా మనుషులు. వెనక్కి తీసుకోవడానికి వాళ్లకి కాస్త దారి ఉండాలి కదా.”

లవాన్‌కి మొగుడు పోయిన ఏడాది, కొట్లో ఏమీ లేని రోజుల్లో, ‘భోంచేస్తావా బావా’ అని తను అడగడం, అతను మూడుసార్లూ వద్దని వెళ్లిపోవడం గుర్తొచ్చింది. ఎంత పొగరు ఈ మనిషికి అనుకుంది అప్పట్లో.

“అయితే జన్మలో ఎప్పుడూ మొదటిసారికే సరే అనలేదా నువ్వు?”

“ఒక్కసారి అన్నాను.”

“ఆఁ! ఎవరితో?”

“మీ అక్కతో.”

“పెళ్లప్పుడా? అబద్ధాలాడకు! పక్కనే పువ్వులు పట్టుకుని నిలబడ్డాను నేను. మూడుసార్లు అడిగించావు, నాకు కాళ్లు పీకాయి.”

“పెళ్లప్పుడు కాదు. ఆఖర్న, ఆస్పత్రిలో.” ఆర్విడ్ మళ్లీ గొంతు సవరించుకున్నాడు. “‘రోజుకోసారి లవాన్ కొట్టుకి వెళ్లు’ అంది. ‘అది ఒక్కతే ఉంటుంది. పైకి అరుస్తుంది గానీ బెంగమనిషి. రోజూ ఎవరితోనో ఒకరితో పోట్లాడకపోతే దానికి అన్నం సహించదు. వెళ్తావా?’ అంది. సరే అన్నాను.”

“మొదటిసారికే?”

“మొదటిసారికే. డాగ్నీ అదిరిపడింది. ‘ఏదీ, మళ్లీ అను’ అంది.”

మంచు తుఫానుల్లో కూడా తొమ్మిదిన్నరకి తలుపు తోసుకొచ్చే టోపీ లవాన్ కళ్ల ముందు కదిలింది. అంతలో ఇంకేదో తట్టి, కళ్లు పెద్దవి చేసింది.

“ఉండు ఉండు. అదే ఆస్పత్రిలో నాకేం చెప్పిందో తెలుసా? ‘మీ బావ నోరు తెరిచి ఏదీ అడగడు. రోజూ పిలిచి ఓ కప్పు కాఫీ పొయ్యి. మూడుసార్లు అడగాలి, విసుక్కోకు’ అంది! పదకొండేళ్లుగా నిన్ను నేను చూసుకుంటున్నాననుకుంటున్నాను!”

“నేనూ నిన్ను చూసుకుంటున్నాననే అనుకుంటున్నానమ్మా.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఓసి దాని దుంపతెగ! ఇద్దరికీ చెప్పి పోయిందన్నమాట!” లవాన్ పడీపడీ నవ్వింది. ఆర్విడ్ కూడా నవ్వాడు, శబ్దం రాకుండా, భుజాలతో. నవ్వుతూనే లవాన్ చటుక్కున ఆగింది. “అయ్యో బావా! నిన్న సరస్సు దగ్గర నిన్ను మూడోసారి అడగనేలేదు కదూ నేను?”

“పర్లేదమ్మా.”

“ఆ చలిలో తాగాలనిపించిందా?”

“కాస్త అనిపించింది.”

లవాన్ పెద్ద కప్పు తీసి అంచుదాకా పోసింది. “బావా, కాఫీ?”

ఆర్విడ్ అలవాటుగా నోరు తెరిచాడు. మూశాడు. టోపీ బల్ల మీద పెట్టాడు.

“సరే” అన్నాడు.

చిప్స్ పొట్లాలు సర్దుతున్న సిగ్వర్డ్ చేతిలోవన్నీ కింద పారేసి, వెనక్కి తిరిగి చూడకుండానే గావుకేక పెట్టాడు: “అక్కా, పెట్టెయ్ ఫోను!”